దులిపిన అంగీలు

"టీబీ మల్ల తిరగబెట్టిందని చెప్దాం" అన్నడు మా ఆయిన. బస్సు ఇంకా కరీంనగర్ బస్టాండుల నుంచి బయటపడనే లేదు. కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ చేతుల పెట్టి ముందటి సీటుకు పోయిందో లేదో, వంగి నా చెవుల చెప్పిండు, ఉల్లిగడ్డలు కొనుడు మర్చిపోయినం అన్నంత అలకగ. ఎవ్వలకు చెప్పాలె అని నేను అడుగలే. అందరికీ. బిడ్డ స్వరూపకు, అల్లుడు మల్లేష్‌కు, వాడకట్టుకు, షెడ్డు ముంగట టిప్పర్లు ఆపుకొని చాయ తాగే డ్రైవర్లకు. "బ్రేకు దుమ్ముతోని వచ్చిన రోగమని తెలిస్తే మల్లేష్ భయపడ్తడు. షెడ్డుల ఇంకెవ్వడు పనికి నిలవడడు. ఇన్నేండ్ల సంది కట్టుకున్న పేరు. జర ఆలోచించు" అన్నడు. ఆలోచించాల్నట నేను. ఆలోచిస్తనే ఉన్న, గదే నాకు చేతనైతున్న పని, మెట్లెక్కితే ఊపిరాడదు, పండుకుంటే ఊపిరాడదు, ఆలోచించుడుకు మాత్రం అడ్డం లేదు. నేను కిటికీ దిక్కు తిరిగిన. సీట్లన్నీ ఆడోళ్లవే, ఆయిన పైన రాడ్డు పట్టుకొని నా నెత్తి మీదనే నిలవడ్డడు, చంకల నా స్కానింగు కవరు. కుడి దిక్కు ఊపిరితిత్తి చుట్టూ తెల్లగ పేరుకున్నది అందుల, పాల మీద మీగడ లెక్క. ఆయినకు సుత ఇయ్యాల ఎదురొమ్ము ఫోటో తీసిండ్రు. సాఫ్‌గ ఉన్నది. "మీది బాగుంది" అని డాక్టరమ్మ చెప్పంగనే ఆయిన ముఖంల ఒక వెలుగొచ్చింది. లటుక్కున దాసుకున్నడు గని నేను చూసిన. ఇన్నేండ్లు కలిసి బతికిన దాన్ని, నాకు దాస్తడా. రోగం సంగతి తర్వాత, ముందుగాల గా వెలుగును తల్సుకుంటేనే నాకు మండుతున్నది.

డాక్టరమ్మ చిన్నది, మా స్వరూప కన్న జరంత పెద్దదుంటదేమో. నాకు ఇన్ని రోజులు మందులిచ్చిన పెద్ద పెద్ద డాక్టర్లు ఒక్కలు సుత అడుగని మాట అడిగింది. అమ్మా మీరేం పని చేస్తరు అన్నది. ఇంట్లనే ఉంట మేడం అన్న. ఎప్పుడన్న సిమెంటు రేకుల ఫ్యాక్టరీల పని చేసిండ్రా? లే. మరి మీ ఆయన? లారీల బ్రేకులు, క్లచ్‌లు చేస్తడు, గోదావరిఖని రోడ్డు మీద సొంత షెడ్డు అన్న. గప్పుడు రాస్తున్న పెన్ను కింద పెట్టింది. "ఆయన పని బట్టలు ఎవరు ఉతుకుతరు?" ఇదేం సవాలు అనుకున్న. ఎవలుతుకుతరు, నేనే. "ఉతికే ముందు ఏం చేస్తరు?" దులుపుత మేడం, గంత దుమ్ముతోని సర్ఫు నీళ్లల్ల ఏస్తే నీళ్లన్నీ బురదైతయి గదా, అందుకని ముందుగాల గోడకేసి కొట్టి, మల్ల రెండు చేతుల పట్టుకొని గిట్ల, అని చేతులు లేపి దులిపి చూపిచ్చిన. నా చేతులల్ల ఏం లేదు. అంగి లేదు, లాగు లేదు, ఉత్త గాలి. అయినా గా పిల్ల కుర్చీల జరంత ఎనకకు జరిగింది. తనకు తెల్వకుండనే జరిగింది. మల్ల సర్దుకొని వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. బ్రేకు లైనింగులల్ల, క్లచ్ ప్లేటులల్ల ఆస్బెస్టాస్ అని కలుపుతరట, రాతినార. రాయే గని పత్తి లెక్క నారనారగ విడివడ్తదట. మంటకు కాలదు, తొందరగ అరగదు, అందుకే బ్రేకులల్ల పెడ్తరట. కంటికి కనవడనంత సన్న నార ఊపిరితోని లోపటికి పోయి కూసుంటదట, ఇరవై ఏండ్లు, ముప్పై ఏండ్లు గమ్మున కూసొని, మనం మర్చిపోయినంక ఊపిరితిత్తి మీది పొరల క్యాన్సర్ లెక్క లేస్తదట. "చాలా దేశాలు ఎప్పుడో బంద్ చేసినయమ్మా. మన దగ్గర తవ్వుడు ఆపిండ్రు గని, బయటి నుంచి తెచ్చుకునుడు ఆపలేదు" అన్నది, అనేటప్పుడు ఆమె ముఖం ఎర్రగైంది. తక్కువైతదా మేడం అని అడిగిన. అబద్ధం చెప్పలే. నొప్పి తగ్గిస్తం, ఊపిరి ఆడేటట్టు చూస్తం, పూర్తిగ మాత్రం పోదు అన్నది. నాకు గా పిల్ల మీద కోపం రాలే. కోపం వచ్చేటోళ్ల వరుసల నిలవడని మనిషి ఇయ్యాల గా పిల్ల ఒక్కతే.

సుల్తానాబాద్‌ల బస్సు ఆగింది. బ్రేకు కీసుమన్నది, కిటికీలకెల్లి కాలిన వాసన లోపటికొచ్చింది. గీ వాసన నా పెండ్లి నాటి సంది నా ఇంట్ల ఉన్నది. ఆయిన మెడ కాడ, దిండు గలీబు మీద, దండెం మీద ఆరేసిన తువ్వాలల. కొత్తల నాకు గీ వాసన ఇష్టముండె. పొద్దూకంగ షెడ్డు నుంచి వచ్చి, అంగి ఇప్పి, నవ్వుకుంట నా మీదికి ఇసిరేటోడు. నేను ముఖానికి అడ్డం పెట్టుకొని వాసన చూసేదాన్ని. కొత్త పిల్లను, ఇంట్ల అత్త ఉండె, మామ ఉండె, పగటి పూట మొగని దిక్కు చూసుడే కష్టం, మొగని అంగిని మాత్రం ఎంతసేపన్న పట్టుకోవచ్చు. గట్ల పీల్చిన. ఇష్టంతోని, కడుపు నిండ పీల్చిన. గది ఇప్పుడు యాదికొస్తే ఎవ్వన్ని తిట్టాల్నో సమజ్ గాదు.

మా బాపు బొగ్గుబాయిల పని చేసిండు. కంపెనీ క్వార్టర్ల పెరిగిన నేను. అవ్వ ఆయిన బట్టలు పిండితే నల్లటి నీళ్లు మోరీల పారేటియి, బాపు దగ్గితే నల్లగ పడేది. నలుపు కండ్లకు కనవడ్తది, అందుకే బాపుకు భయముండె. "నా బిడ్డను బాయిల దిగేటోనికియ్య. గీ దుమ్ము నాతోనే ఆఖరు కావాలె" అన్నడు. వెతికి వెతికి రాజలింగు అనే లారీ మెకానిక్‌ను తెచ్చిండు. చేతుల పని ఉన్నది, భూమి లోపట గాదు భూమి మీద పని చేస్తడు, ఎండ తగులుతది, గాలి తగులుతది. గిదే చూసిండు మా బాపు, కులం కలిసినంక ఇంకేం చూడలే. పెండ్లి నాడు వచ్చినోళ్లందరికీ చెప్పుకున్నడు, నా అల్లునికి దగ్గు లేదని. ఇప్పటికీ లేదు బాపూ నీ అల్లునికి దగ్గు. నువ్వు పోయి ఎన్నేండ్లాయె, ఉంటే నీకెట్ల చెప్పేదాన్ని, నల్లదుమ్ముల నుంచి తీసి బూడిద దుమ్ముల ఏసినవని. నీ తప్పేమున్నది. నీ బాయి దుమ్ముకన్న కంపెనీ దవాఖాన ఉండె, గేటు కాడ జెండాలు పట్టుకొని లొల్లి చేసే యూనియనోళ్లు ఉండిరి. షెడ్డు దుమ్ముకు ఎవలున్నరు? అంగి దుమ్ముకు ఎవలున్నరు? ఉతుకుడును పనే అనుకోరాయె, ఇగ దానికి రోగమొస్తదని ఎవలనుకుంటరు.

నిండా బొగ్గు ఏసుకొని తిరిగే టిప్పర్లకు బ్రేకులు ఊకె అరుగుతయి. షెడ్డు ఎన్నడు ఖాళీ ఉండదు. చక్రం ఇప్పి బ్రేకు డ్రమ్ము గుంజితే లోపట బూడిద, జొన్నపిండి కన్న సన్నగ. గాలి పైపు పెట్టి భుస్సుమని ఊదుతరు. తెల్లటి పొగ లేసి షెడ్డంత నిండుతది, జరసేపటికి ఎటో పోతది. ఎటో పోతదని అనుకున్న నేను. షెడ్డు ఎనకనే మా ఇల్లు, నా పొయ్యి, నా నీళ్ల గోలెం, నా దండెం. ఎటు పోతది.

ఊపిరాడక మొదటిసారి దవాఖానకు పోయినప్పుడు బొగ్గు ఊర్ల దగ్గు ఉండదా అన్నడొక డాక్టరు. ఇంకొకాయిన టీబీ అన్నడు. తెమడల ఏం దొరుకలే, అయినా టీబీ గోళీలే మింగిచ్చిండ్రు. ఉచ్చ ఎర్రగ, నోరంత చేదు. వీపు దిక్కు సూది గుచ్చి నీళ్లు తీసిండ్రు, మల్ల నిండినయి, మల్ల తీసిండ్రు. మా ఆడబిడ్డ జమున వచ్చి వాకిట్లనే నిలవడి "వదినె కంచం, చెంబు ఏరే పెట్టుండ్రి, ఇంట్ల పసిపిల్ల ఉన్నది" అని చెప్పిపోయింది. మంచి మాటే అనుకున్న. నా కంచం ఏరే అయ్యింది, నా మంచం ఎనక వరండాల పడ్డది. అప్పటికి స్వరూప బిడ్డ పాకుతున్నది. స్వరూప మాతోనే ఉంటది, మల్లేష్‌ను ఇల్లరికం తెచ్చుకున్నం, షెడ్డు మామ తర్వాత అల్లునిదే అని. గా పిల్ల నన్ను చూసి నవ్వుకుంట పాక్కుంట వస్తే, నేను కొంగు మూతికి అడ్డం పెట్టుకొని "పోవే, నీ తల్లి కాడికి పో" అని బెదిరిచ్చేదాన్ని. అది కిందిపెదవి ముడిచి ఏడ్సేది. ఇయ్యాల డాక్టరమ్మ అన్నది, ఇది అంటుకునే రోగం కానే కాదమ్మా, మనవరాలిని మంచిగ ఎత్తుకోండి అని. మరి నేను ఎత్తుకోని గా ఏడాదంత పిల్ల ఎవలి ఒళ్లె ఉన్నది? తండ్రి ఒళ్లె. మల్లేష్ పగటి బువ్వకు షెడ్డుల నుంచి వస్తడు, చేతులు కడుక్కుంటడు, శుభ్రంగనే కడుక్కుంటడు, అంగి ఎవలు మారుస్తరు మల్ల పనికి పోయేది ఉండంగ. గదే అంగి మీద పిల్లను ఎదకు హత్తుకుంటడు. దానికి పండ్లొస్తున్నయి, తండ్రి అంగి గల్ల నోట్ల పెట్టుకొని చప్పరిస్తది. నేను దూరం నుంచి మంచం మీద కూసొని చూసి మురిసిన. నా దగ్గరికి రాకుండ పిల్లను కాపాడుతున్న అనుకున్న. గంత మంచిదాన్ని నేను, గంత తెలివైనదాన్ని.

పక్క సీట్ల సుల్తానాబాద్‌ల ఎక్కిన ఒక పెద్దవ్వ కూసున్నది, ఒళ్లె వంకాయల సంచి. పెద్దపల్లి దాటంగ ఆయిన చంకల కవరు చూసి అడిగింది. "దవాఖానకు పోయొస్తున్నరా బిడ్డా? ఎవలకు?" నాకే అవ్వా అన్న. "ఏమన్నరు?" తలెత్తి చూసిన. ఆయిన నా దిక్కే చూస్తుండు, దవడ బిగబట్టి, కండ్లతోని వద్దంటుండు. నా నోట్లకెల్లి వచ్చింది, టీబీ అని. ఆయిన ఊపిరి ఇడిసిండు, నాకు వినవడ్డది. గంత పొడుగు ఊపిరి ఇడుసుడు నాతోని కాదిప్పుడు. పెద్దవ్వ కొంగు తీసి ముక్కు మీదికి కప్పుకున్నది, మా నడుమ ఉన్న సంచిని అటు దిక్కుకు మార్చుకున్నది, సీటు అంచుకు జరిగి సగం కూసున్నది. చెడ్డ మనిషి కాదు. నేనన్న గట్లనే చేద్దును. అయితే గిట్లనట ఇగ నా బతుకు. ఉన్నన్ని రోజులు ఏరే చెంబు, ఏరే మంచం, దగ్గరికొచ్చినోళ్లు కొంగు కప్పుకునుడు, పిల్ల నా దిక్కొస్తే ఉర్కిచ్చుడు, ఆఖరికి గా వరండాలనే పోవుడు, ఇదంత ఎందుకంటే షెడ్డుకు పేరు పోవద్దు. గదే వరండ ముంగట గోడకు నా బిడ్డ అంగీలు కొడ్తుంటది. నేను మంచాన పడ్డ సంది ఉతుకుడు దానిది. నేనే నేర్పిన, ముందుగాల దులపాలె బిడ్డా, లేకుంటే నీళ్లు బురదైతయని.

కొంగు ముక్కు మీదికి గుంజిన గా పెద్దవ్వను చూస్తుంటేనే యాదికొచ్చింది మూతిగుడ్డ. కరోనా కన్న శాన ముందటి సంగతి, మూతిగుడ్డలంటే ఎవ్వలకూ ఎర్క లేని రోజులు. కరీంనగర్ల ఒక ఫంక్షన్ హాల్ల మెకానిక్‌ల మీటింగని ఏదో కంపెనీ పిలిస్తే పోయిండు. మంచిర్యాల నుంచి, నిర్మల్ నుంచి, బోథ్ నుంచి సుత వచ్చిండ్రట. బిర్యాని పెట్టిండ్రని, టోపీలిచ్చిండ్రని వచ్చి చెప్పిండు. మర్నాడు ఉతుకపోతే జేబుల తెల్లటి గిన్నె లెక్క ఒకటి దొరికింది, రెండు దిక్కుల రబ్బరు దారాలు. ఏందిది అంటే దుమ్ముకు అన్నడు. నాలుగు రోజులు పెట్టుకున్నడు, నల్లగైతే పడేసిండు, తర్వాత తువ్వాల కట్టుడు మొదలువెట్టిండు. అవును. గప్పటి సంది డ్రమ్ముకు గాలి కొట్టేటప్పుడు తువ్వాల కట్టకుండ ఉన్నదే లేదు. ముక్కు మీదికెల్లి, నెత్తి ఎనకకు ముడేసి. గా తువ్వాల సుత నేనే దులిపిన.

"గా మీటింగుల ఏం చెప్పిండ్రు?" అన్న.

"ఏ మీటింగు?"

"టోపీలిచ్చిన మీటింగు."

బయట ఎవలో పిలిచినట్టు కిటికీలకెల్లి చూసిండు. "ఇప్పుడెందుకు గవన్నీ? ఎప్పటియో."

"చెప్పు." నా గొంతు నేననుకున్న దానికన్న పెద్దగొచ్చింది. ముందటి సీట్లోళ్లు తిరిగి చూసిండ్రు. ఆయిన నా మీదికి వంగి మెల్లగ అన్నడు, "దుమ్ము మంచిది కాదన్నరు. గాలి కొట్టద్దన్నరు."

"ఇంకా?"

"పని బట్టలు ఇంటికి తీసుకపోవద్దన్నరు."

"ఎందుకట?"

రాడ్డు పట్టుకున్న చెయ్యి మార్చుకున్నడు. "ఇంట్ల ఆడోళ్లు, పిల్లలు ఉంటరని."

అని ఊకోలే, నా పేరు పెట్టి పిలిసిండు. "అందరూ నవ్విండ్రు సారక్కా. ఎవ్వలూ పట్టించుకోలే. గింత పెద్దదని నాకేమెర్క? ఎర్కుంటే నీకు చెప్పకపోదునా?"

"నువ్వు కట్టుకున్నవు" అన్న.

"దుమ్మని కట్టుకున్న, ఇంకేంది."

"నువ్వు కట్టుకున్నవు."

నేనేమన్న తప్పు లెక్క చెప్పిన్నా? కట్టుకున్నడు. సగం మాట ఇనుకున్నడు, తనకు పనికొచ్చే సగం. మిగిలిన సగం టోపీతోని పాటు ఎక్కడనో పడేసిండు. నన్ను సంపాలని గాదు, గది నాకు ఎర్కనే. ఆయిన చేతులతోని నాకు బువ్వ తినిపిచ్చిండు జ్వరమొచ్చినప్పుడు, సూది గుచ్చి నీళ్లు తీస్తుంటే నా నెత్తి పట్టుకొని ఏడ్సిండు. చెడ్డోడైతే నాకు గింత కోపం రాకపోవు, తిట్టి ఊకుందును. యాది రాలే నేను. గంతే. పనికి పోయేటప్పుడు తువ్వాల యాదికొచ్చేది, ఇంటికొచ్చి అంగి ఇప్పేటప్పుడు నేను యాది రాలే. ఇగ గా టోపీలోళ్లు! ఆడోళ్లు పిల్లలు ఉంటరని తెలిసినోళ్లు, బిర్యాని పెట్టి ఒక్క మాట అని చేతులు కడుక్కున్నోళ్లు! ఆడోళ్లను పిలువకపోతిరా ఫంక్షన్ హాల్‌కు? మాకు చెప్పకపోతిరా? మొగోళ్లు నవ్విండ్రేమో, నేను నవ్వకపోదును. గా మాట నాతోని అన్న రోజే గా అంగిని వాకిట్ల ఆపుదును, లోపటికి రానియ్యకపోదును, మొగన్నే రానియ్యకపోదును. ఊపిరితిత్తులు నాయి, చెప్పింది మాత్రం ఆయినకు. గింత దుర్మార్గం ఉంటదా. మాటలు చెప్పి పోయిండ్రు, లైనింగులు మాత్రం దుకాణాలల్ల అమ్ముడు పోతనే ఉన్నయి, పేరు లేదు ఊరు లేదు, దారం కట్టి కుప్పలు పోసి.

"అవ్వా" అన్న పెద్దవ్వతోని. ఆయిన నా భుజం మీద చెయ్యేసిండు, నొక్కిండు. నేను భుజం ఇదిలిచ్చుకున్న. "అవ్వా, నాకు టీబీ కాదు. అంటుకునేది కాదు. మా ఆయిన లారీ బ్రేకులు చేస్తడు. గా బ్రేకుల దుమ్ము ఆయిన బట్టలకెల్లి నాకు పట్టింది. ఉతికి ఉతికి వచ్చింది. క్యాన్సర్." గా మాట నా నోటితోని అనుడు గదే మొదటిసారి. పెద్దవ్వ కొంగు కిందికి దించింది. తలెత్తి పైకి చూసింది. "గీయిననేనా?" అన్నది. గీయిననే అన్న. పెద్దవ్వ సంచిని మల్ల మా నడుమ పెట్టుకొని మంచిగ ఎనకకు జరిగి కూసున్నది, ఆమె భుజం వచ్చి నా భుజానికి తగిలింది. బసంత్‌నగర్ పొయ్యింది, రామగుండం పొగగొట్టాలు దూరంగ లేసినయి, గా భుజం అట్లనే ఉన్నది. ఇంట్ల ఎవ్వలూ నా పక్కకు కూసోక ఏడాది దాటింది. నాకు ఏడుపు రాలే. ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

షెడ్డు ముంగట బస్సు ఆపిచ్చుకొని దిగినం. బొగ్గు టిప్పర్ ఒకటి జాకీ మీద ఉన్నది, ఎనక చక్రం ఇప్పేసి ఉన్నది, డ్రైవర్ స్టూలు మీద కూసొని చాయ తాగుతుండు. మల్లేష్ కంప్రెషర్ ఆన్ చేసి గాలి పైపు గుంజుకుంటుండు. పక్కన సందులకెల్లి మా వరండ కనవడ్తది. స్వరూప అంగిని రెండు చేతుల పట్టుకొని గోడకేసి కొడ్తున్నది, చప్పుడు కంప్రెషర్ చప్పుడుల కలిసిపోతున్నది. పిల్ల దాని కాళ్ల కాడ కూసొని ఉత్త బొక్కెనల చెయ్యి పెట్టి ఆడుతున్నది. పొద్దు పడమటికి జరిగి ఎండ ఏటవాలుగ పడ్తున్నది. గా ఎండల దుమ్ము కనవడ్డది. ఇన్నేండ్లు చూడనిది, లేసుడు, మెల్లగ తిరుగుడు, పిల్ల నెత్తి మీద దిగుడు.

ఆయిన నాకన్న ముందుగాల ఉరికిండు. నేను నడిసేసరికి స్వరూప అడుగుతనే ఉన్నది, "ఏమన్నరు బాపూ?"

"ఏంలే బిడ్డా, ఫికర్ చేయకు. గదే, టీబీ మల్ల జరంత..."

"టీబీ కాదు" అన్న. ఊపిరందక గోడకు ఆనుకున్న. "నీ చేతులది కింద పడెయ్ స్వరూపా."

"ఏంది అవ్వా?"

"గా అంగి పడెయ్. మీ బాపు అంగీలు దులిపి దులిపి నాకు క్యాన్సర్ వచ్చింది. బ్రేకు దుమ్ములనే ఉన్నదట. ఎన్నేండ్లకన్న లేస్తదట. డాక్టరమ్మ చెప్పింది, మీ బాపు పక్కనే ఉండి ఇన్నడు. పిల్లను తియ్ అక్కడికెల్లి."

అది అంగిని చూసింది. తండ్రిని చూసింది. కాదు అని అంటడేమోనని చూసింది, నాకు తెలుసు గా చూపు. ఆయిన తల దించుకున్నడు. అంగి కిందపడ్డది. పిల్లను రెక్క పట్టి లేపి, గౌను నెత్తి మీదికెల్లి గుంజి పడేసి, నల్లా కాడికి ఉరికింది. చల్లటి నీళ్లు పడంగనే పిల్ల కేక పెట్టి ఏడ్సింది. నీళ్ల చప్పుడు, దాని ఏడుపు, స్వరూప దాని నెత్తి రుద్దుకుంట ఏదో అంటున్నది, మాటలు కాదు, ఉత్త చప్పుడు.

మల్లేష్ పైపు పట్టుకొనే వచ్చిండు. అంతా ఇన్నడు. ముఖం తెల్లగైంది గని నవ్వ చూసిండు. "అత్తమ్మా, గదంత ఎనకటి ముచ్చట. ఇప్పుడొచ్చే లైనింగులల్ల గవేం ఉండవట. దుకాణపాయిన చెప్పిండు."

"ప్యాకెట్ మీద రాసి ఉన్నదా?"

"ప్యాకెట్ ఏడిది, ఇడిగ ఇస్తడు గదా..." అని ఆగిండు. తను అన్న మాట తనకే వినవడ్డట్టున్నది.

డ్రైవర్ స్టూలు మీదికెల్లి అన్నడు, "అన్నా, జర జల్ది కానియ్. లోడింగుకు పోవాలె." మల్లేష్ చెయ్యి అలవాటు కొద్ది పైపు మూతి మీదికి పోయింది. నేను గోడ ఇడిసి పెట్టి నడిసిన. టిప్పర్ కాడికి, ఇప్పి పెట్టిన డ్రమ్ము కాడికి. లోపట బూడిద నిండుగ ఉన్నది. దాని ముంగట గొంతుకూసున్న, ముఖం దాని మీదికి పెట్టి.

"ఊదు" అన్న.

"అత్తమ్మా, లెవ్వుండ్రి."

"ఊదు మల్లేషూ. మీ మామ ఇన్నేండ్లు ఊదిండు, నాకు తెల్వకుండ. నువ్వు తెలిసి ఒక్కసారి ఊదు. నా కండ్ల ముంగట ఊదు. గది ఎటు పోతదో నేను చూస్త."

మల్లేష్ పైపును లుంగలు చుట్టి చేతుల పట్టుకున్నడు. ఎనక నుంచి మా ఆయిన వచ్చి నా రెక్క పట్టి లేపబోయిండు. "ముట్టకు" అన్న. గట్ల ఆయినతోని ఎన్నడు అనలే. చెయ్యి తీసిండు. డ్రైవర్ చాయ గిలాస పట్టుకొని లేసి నిలవడ్డడు. కంప్రెషర్ డబడబ కొట్టుకుంటనే ఉన్నది, నా ఊపిరి దానికన్న పెద్దగ వినవడ్తున్నది నాకు. నేను లెవ్వ. ఇయ్యాల లెవ్వ. టిప్పర్ ఇక్కడనే ఉండని, దాని బొగ్గు అక్కడనే ఉండని, కరెంటు పొయ్యి ఊరంత చీకటి కానియ్యి.

"ఊదకపోతే మరి ఎట్ల సాఫ్ చేసేది అత్తమ్మా?" అన్నడు మల్లేష్. నిజంగనే అడుగుతుండు, తెల్వక.

జవాబు నా ఎనక నుంచి వచ్చింది. "తడిపి తుడువుమన్నరు" అన్నడు మా ఆయిన.

"ఎవలు మామా?"

"ఎవలో. గప్పుడు మీటింగుల."

మల్లేష్ మామ దిక్కు చూసిండు. శానసేపు చూసిండు. అల్లుడు మామను గట్ల చూసుడు మా ఇంట్ల ఎన్నడు లేదు. రాజలింగు గా చూపు కింద నిలవడలేక కంప్రెషర్ కాడికి పోయి బంద్ చేసిండు. గంత చప్పుడు ఒక్కసారి ఆగిపోతే చెవులల్ల ఏదో కారిపోయినట్టైంది. రోడ్డు మీద బండ్లు పోతున్నయి. నల్లా కాడ పిల్ల ఎక్కిళ్లు. ఆయిన బొక్కెనల నీళ్లు పట్టుకొచ్చి నాకు ఎదురుంగ కూసున్నడు, మగ్గుతోని డ్రమ్ము అంచుకెల్లి సన్నగ పోసిండు. బూడిద లెవ్వలే. ముడుసుకున్నది, ముద్దైంది, కారి అడుగుకు దిగింది. పాత గుడ్డతోని తుడిసిండు, ఇంకోసారి తుడిసిండు, గా గుడ్డను ఎండనియ్యకుండ పాలిథిన్ కవర్ల ఏసి మూతి కట్టిండు. ఇవన్నీ ఎవ్వలూ చెప్పలే ఆయినకు ఇప్పుడు. చేతులకు ఎర్కనే ఉన్నది.

డ్రైవర్ గిలాసల చాయ ఇంకా మిగిలే ఉన్నది. వంగి డ్రమ్ముల చూసిండు, నున్నగ, తడిగ, సాఫ్‌గ ఉన్నది.

"గింతేనా?" అన్నడు.

తడి చేతులతోని మా ఆయిన నా దిక్కు చూసిండు. ఏమన్న అంటనేమోనని చూస్తుండు, ఒక్క మాట అంటే ఆయిన మీదికెల్లి బరువు దిగుతది. నేను ఆయినను చూడలే. టిప్పర్ చక్రం పట్టుకొని లేసి, డ్రైవర్‌తోని అన్న.

"గింతే కొడుకా. చెంబెడు నీళ్లు."